ఈ-పేపర్ మీద తెలుగు: ఒత్తులు విరగకుండా, తెర చెడిపోకుండా

ఈ-పేపర్ ప్యానెల్, అంటే కిండిల్‌లో ఉండేలాంటి కాగితాన్ని పోలిన తెర, కొని గోడ మీద తెలుగు క్యాలెండర్ పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ఒకేచోట ఆగిపోతారు. వైర్లు కలుపుతారు, ప్యానెల్‌తో వచ్చిన ఇంగ్లిష్ డెమో నడుపుతారు, అది చక్కగా పడుతుంది. తర్వాత 'శ్రీ' అని రాస్తే శ, దాని పక్కన పొల్లు, ఆ పక్కన ర, ఎక్కడో ఒక గుడిదీర్ఘం, ఇలా దేనికది పడుతుంది. ఫాంటు బాగోలేదేమోనని నాలుగు ఫాంట్లు మార్చి చూస్తారు. అన్నిట్లోనూ అదే తంతు. ఫాంటులో లోపం లేదు, ప్యానెల్‌లోనూ లేదు. అక్షరాలను కూర్చే పని ఎవరూ చేయలేదు, అంతే.

ప్యానెల్‌కు అక్షరాలు తెలియవు. దానికి తెలిసింది ఈ చుక్క నలుపు, ఈ చుక్క తెలుపు అన్నంతే. కాబట్టి పేజీ మొత్తాన్ని ముందే వేరేచోట కూర్చుకుని, అచ్చు వేసినట్టు ఒక్కసారి ప్యానెల్ మీద దించాలి. ఈ పద్ధతికి వస్తే ఒత్తుల సమస్య, నీడలు మిగిలే సమస్య, బ్యాటరీ సమస్య మూడూ ఒకే దెబ్బకు సగం తీరతాయి.

ఇక్కడ చెప్పేవన్నీ ఎక్కువమంది వాడే 7.5 అంగుళాల నలుపు తెలుపు ప్యానెల్‌ను, అంటే వేవ్‌షేర్ కంపెనీ రెండో వెర్షన్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. 800 × 480 చుక్కలు, ఒక్కో చుక్క 0.204 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి సుమారు 125 చుక్కలు.

లోపల ఏం జరుగుతుంది

ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జేకబ్సన్ దగ్గర మొదలైన పని ఇది. 1997లో 'ఈ ఇంక్' అనే పేరుతో కంపెనీ అయింది, 2004లో సోనీ లిబ్రీతో చదివే పరికరంగా జనం చేతికొచ్చింది, 2007లో కిండిల్‌తో అందరికీ తెలిసింది. తెర లోపల వెంట్రుక మందం ఉండే గుళికలు పరిచి ఉంటాయి. ఒక్కో గుళికలో పారదర్శకమైన ద్రవం, అందులో తేలే తెల్ల రేణువులు, నల్ల రేణువులు. రెండింటికీ వ్యతిరేక విద్యుదావేశాలు. వెనక నుంచి 15 వోల్టులు ఒకవైపు ఇస్తే తెలుపు పైకొస్తుంది, తిప్పి ఇస్తే నలుపు పైకొస్తుంది. కరెంటు తీసేసినా రేణువులు ఎక్కడివక్కడే ఉంటాయి. క్యాలెండర్ లాంటి పనికి ఈ-పేపర్ ఇంత బాగా కుదిరేది అందుకే. తిథి దాదాపు రోజుకొకసారి మారుతుంది, దానికోసం రోజంతా వెలుగుతూ ఉండే తెర అక్కర్లేదు.

రేణువులు ద్రవంలో ఈదాలి కనుక సమయం పడుతుంది. పూర్తి రిఫ్రెష్‌కు, అంటే తెర మొత్తాన్ని మళ్లీ వేయడానికి, ఈ ప్యానెల్ నాలుగైదు సెకన్లు తీసుకుంటుంది. ఆ సమయంలో తెర నలుపు తెలుపుల మధ్య ఊగుతుంది. అది పాత బొమ్మను తుడవడానికి, రేణువుల మీద రెండు దిక్కుల్లోనూ ఒత్తిడి సమానంగా ఉంచడానికి వేసిన క్రమం. మినుకుమినుకు చూడలేక ఆ క్రమాన్ని కోడ్‌లో కత్తిరించేవాళ్లున్నారు. ఒక దిక్కుకే ఎక్కువసార్లు వోల్టేజీ పడితే ప్యానెల్ మెల్లగా చెడుతుంది. ఆ పని చేయకండి.

వైర్లు

'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌కు ఎనిమిది వైర్లు: 3.3 వోల్టులు, గ్రౌండ్, డేటా, క్లాక్, చిప్ సెలెక్ట్, డీసీ (పంపేది డేటానా ఆదేశమా అని చెప్పేది), రీసెట్, బిజీ. వేవ్‌షేర్ కోడ్ వాడే జీపీఐఓ నంబర్లు, అంటే ప్రోగ్రామ్‌లో పిన్నులకుండే నంబర్లు, వరుసగా డేటా 10, క్లాక్ 11, చిప్ సెలెక్ట్ 8, డీసీ 25, రీసెట్ 17, బిజీ 24. ప్యానెల్‌ను కంప్యూటర్‌కు కలిపే డ్రైవర్ బోర్డుల్లో కొత్తవాటికి తొమ్మిదో వైరు ఉంటుంది, పవర్ అని రాసి ఉంటుంది, అది 18కి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. జీపీఐఓ నంబరు వేరు, బోర్డు మీద లెక్కపెట్టే పిన్ను నంబరు వేరు. బిజీ వైరుకు కావలసిన జీపీఐఓ 24 బోర్డు మీద 18వ పిన్ను. బోర్డు మీద 24వ పిన్ను జీపీఐఓ 8, అంటే చిప్ సెలెక్ట్. పిన్నులు లెక్కపెట్టి 24వ దానికి బిజీ వైరు పెట్టారంటే ప్రోగ్రామ్ 'బిజీ' దగ్గరే కూర్చుంటుంది, తెర కదలదు. వైర్లన్నీ పెట్టాక ఒక్కో వైరును రెండు చివర్లా చూసుకుంటూ పై నంబర్లతో సరిచూడండి.

డ్రైవర్ బోర్డు మీద రెండు చిన్న స్విచ్‌లుంటాయి. ఒకటి ఎస్‌పీఐ (ప్యానెల్‌కు డేటా పంపే పద్ధతి) నాలుగు లైన్లా మూడు లైన్లా అని, దాన్ని నాలుగు లైన్ల వైపు ఉంచాలి. రెండోది 0.47 ఓములకూ 3 ఓములకూ మధ్య మారుతుంది, 7.5 అంగుళాలకు 0.47 కావాలి. ఇది తప్పితే తెర అసలు మారదు, లేదా పాలిపోయినట్టు పడుతుంది.

'బిజీ' గురించి ఇంకో మాట. అన్ని ప్యానెళ్లలో దాని అర్థం ఒకటి కాదు. ప్యానెల్‌ను నడిపే చిప్‌లను కంట్రోలర్లు అంటారు. యూసీ వరుస కంట్రోలర్లలో ఆ పిన్ను సున్నాలో ఉంటే 'పనిలో ఉన్నాను' అని, ఎస్‌ఎస్‌డీ వరుసలో ఒకటిలో ఉంటే 'పనిలో ఉన్నాను' అని. వేరే మోడల్ కోడ్ ఎక్కిస్తే ప్రోగ్రామ్ ఎప్పటికీ ఆగిపోతుంది, లేదంటే తెర పని ముగియకముందే తరువాతి ఆదేశం పంపేస్తుంది. మోడల్ పేరు, వెర్షన్ ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీద ఉంటాయి. పెట్టె మీద పేరు చూసి కోడ్ ఎంచుకోవద్దు.

నారింజ రంగు రిబ్బన్ కేబుల్‌ను గాజు అంచు దగ్గర గట్టిగా మడవకండి, తెర ముందువైపుకు అసలే వంచకండి. పగిలిన గాజు కంటికి కనబడుతుంది. రిబ్బన్ లోపల తెగిన తీగ కనబడదు, తెర మీద నిలువు గీతగా మాత్రమే బయటపడుతుంది. దానికి మరమ్మతు లేదు.

కూర్పు

'స్త్రీ' అనే ఒక్క అక్షరాన్ని తీసుకుందాం. కంప్యూటర్‌లో అది ఆరు యూనికోడ్ సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కంటికి కనబడాల్సింది మాత్రం సీ, దాని కింద తవత్తు, రావత్తు. చివర ఉన్న దీర్ఘం మొదటి హల్లు తలమీదికి వెళ్లాలి, మధ్యలో ఉన్న త, ర ఒత్తులుగా మారి కిందికి దిగాలి. 'కై'లో ఐత్వం అయితే ఒకే సంకేతం, కానీ పైన ఒక ముక్క, కింద ఒక ముక్క అవుతుంది. ఎక్కడ ఏ ఆకారం రావాలో ఫాంటు లోపలి పట్టికల్లో రాసి ఉంటుంది. ఆ పట్టికలు చదివి ఆకారాలు ఎంచి, వాటి చోట్లలో పెట్టే ప్రోగ్రామ్ వేరేగా ఉండాలి. హార్ఫ్‌బజ్ అలాంటిది. ఆండ్రాయిడ్‌లోనూ క్రోమ్‌లోనూ అది ఉంది కాబట్టి అక్కడ తెలుగు బాగుంటుంది. మైక్రోకంట్రోలర్ల గ్రాఫిక్స్ లైబ్రరీలు, ఉదాహరణకు ఏడాఫ్రూట్ జీఎఫ్‌ఎక్స్, ఒక సంకేతానికి ఒక బొమ్మ చొప్పున వరుసగా పేర్చుకుపోతాయి. ఇంగ్లిష్‌కు అది చాలు. మనకు చాలదు.

పైథాన్‌లో పిల్లో అనే బొమ్మల లైబ్రరీ వాడేవాళ్లకు మార్గం సులువే, కానీ ఒక చోట పట్టేస్తుంది. పిల్లోకు రెండు కూర్పు యంత్రాలున్నాయి: ఒకటి మామూలుది, రెండోది రాక్మ్. హార్ఫ్‌బజ్‌ను పిలిచేది రాక్మ్. పైథాన్ లైబ్రరీలను ఎక్కించే పిప్‌తో వచ్చే పిల్లోలో 8.2 వెర్షన్ నుంచి రాక్మ్ లోపలే ఉంటుంది. అయితే అది నడవడానికి ఫ్రీబిడి అనే ఇంకో లైబ్రరీ మీ సిస్టమ్‌లో ఉండాలి. ఫ్రీబిడి పని ఉర్దూ, అరబ్బీ లాగా కుడి నుంచి ఎడమకు రాసే లిపుల దిక్కు చూడటం. తెలుగుకు దాని అవసరం లేదు, కానీ అది లేకపోతే రాక్మ్ లేవదు. అప్పుడు పిల్లో గొడవ చేయకుండా మామూలు యంత్రానికి జారిపోతుంది, మీకు విరిగిన ఒత్తులు మిగులుతాయి. రాస్ప్‌బెర్రీ పైలో ఆప్ట్ ఆదేశంతో లిబ్‌ఫ్రీబిడి0 ఎక్కించి, పిల్లో 'ఫీచర్స్' మాడ్యూల్‌ను రాక్మ్ ఉందా అని అడగండి. 'ట్రూ' అని జవాబు వచ్చేదాకా తెలుగు సంగతి ఎత్తొద్దు.

పిల్లోతో కుస్తీ వద్దనుకుంటే పేజీని హెచ్‌టీఎమ్‌ఎల్‌లో రాసి, క్రోమియం బ్రౌజర్‌ను తెర లేకుండా నడిపి 800 × 480 స్క్రీన్‌షాట్ తీసుకోండి. పట్టికలు, నిలువు వరుసలు, రెండు రకాల ఫాంట్లు ఉండే పంచాంగం పేజీకి ఇదే మేలని నా అభిప్రాయం. లైన్లు విరవడం కూడా బ్రౌజరే చూసుకుంటుంది.

లైన్లు విరవడం చిన్న సంగతి కాదు. 'వరుసకు 30 క్యారెక్టర్లు' అని లెక్కపెట్టి తెంపే ఫంక్షన్లు తెలుగుకు పనికిరావు, ఎందుకంటే అవి సంకేతాలను లెక్కపెడతాయి. 'రాష్ట్రం'లో ష, పొల్లు దగ్గర తెగి, ట్రం కింది లైనుకు వెళ్తుంది. ఖాళీల దగ్గర మాటలు విడదీసి, ఒక్కో మాట కలుపుతూ వెడల్పును చుక్కల్లో కొలిచి, పట్టనప్పుడు కింది లైనుకు దించాలి. ఒకే మాట లైను కన్నా పొడవైతే అక్షరం అక్షరంగా విరవాలి. దానికి వాడే లైబ్రరీ యూనికోడ్ 15.1 నియమాలను పాటించేదై ఉండాలి. అంతకు ముందువి పొల్లు తర్వాత తెంపడానికి ఒప్పుకుంటాయి.

కనబడని అక్షరం ఒకటుంది, దాన్ని కాపాడుకోండి. 'సాఫ్ట్‌వేర్'లో ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, రెండు అక్షరాలు కలవకుండా ఆపేది అదే. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన పాఠాన్ని శుభ్రం చేసే కోడ్ దాన్ని చెత్త అనుకుని తీసేస్తే 'సాఫ్ట్వేర్' అయిపోయి వ ఒత్తుగా దిగిపోతుంది.

పరీక్షకు ఈ లైను వాడండి: స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షేత్రం, కృష్ణ, కైలాసం, సాఫ్ట్‌వేర్, ధార్మిక, కథ, ఠీవి. ఇవి సరిగా పడితే మిగతావీ పడతాయి.

బూడిద నుంచి నలుపుకు

ఫోన్ తెర మీద అక్షరం అంచులు బూడిద ఛాయలతో నునుపుగా కనబడతాయి. ఈ ప్యానెల్‌ను మామూలుగా నడిపితే ఉన్నవి రెండే: నలుపు, తెలుపు. అంగుళానికి 125 చుక్కల్లో తెలుగు గుండ్రాలు నిలవాలంటే శ్రద్ధ కావాలి. మొదట దెబ్బతినేవి థ పొట్టలోని చుక్క, ఠ లోని చుక్క, ధ, భ, ఫల కింది చిన్న గీత. చుక్క చెరిగితే ఠ కాస్తా సున్నాకు తలకట్టు పెట్టినట్టయి ర అయిపోతుంది, గీత పోతే ధనం దనం అవుతుంది.

పద్ధతి ఇది. పేజీని నాలుగింతలు, అంటే 3200 × 1920 సైజులో, బూడిద రంగుల మోడ్‌లో గీయండి. దాన్ని 800 × 480కి కుదించండి. తర్వాత ప్రతి చుక్క విలువను ఒక హద్దుతో పోల్చి నలుపో తెలుపో తేల్చండి. 0 నలుపు, 255 తెలుపు అయినప్పుడు హద్దును 128 దగ్గర పెడితే సన్న గీతలు తెగుతాయి. 150 నుంచి 170 మధ్య పెడితే గీతలు కాస్త బొద్దుగా వచ్చి నిలుస్తాయి. మరీ 200 దాటితే థ పొట్ట పూడిపోతుంది. మీ ఫాంటుకు ఏది సరిపోతుందో పై పరీక్ష లైనును పది పది చొప్పున పెంచుతూ చూసి తేల్చుకోండి.

హద్దు పని మీరే చేయాలి, పిల్లోకు వదలొద్దు. బొమ్మను ఒక బిట్‌కు మార్చమంటే పిల్లో తనంతట తానే ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ డిథరింగ్ చేస్తుంది, బూడిద చోట్ల నల్ల చుక్కలు చల్లుతుంది. ఫొటోకు అది అందం. అక్షరం అంచుకు అది చెద పట్టినట్టు ఉంటుంది. ఫొటో, అక్షరాలు రెండూ ఉన్న పేజీ అయితే ఫొటోను విడిగా డిథర్ చేసి, అక్షరాలను విడిగా హద్దు పెట్టి, చివర్లో ఒకదాని మీద ఒకటి అతికించండి.

సైజు: చేతిలో పట్టుకుని చదివే దానికి 28 చుక్కలు, గోడ మీద రెండు మీటర్ల దూరం నుంచి చదవాలంటే 48కి తగ్గొద్దు. 24 కన్నా కిందికి వెళ్తే థ, ధల తేడా పోతుంది. ఒకే నంబరు ఇచ్చినా ఫాంటును బట్టి అక్షరం ఎత్తు మారుతుంది కాబట్టి నంబరును నమ్మకుండా 'క' ఎత్తును కొలవండి. లైనుకూ లైనుకూ మధ్య 1.6 రెట్లు ఇవ్వండి. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 ఇస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులను తాకుతాయి. 30 సైజుకు 48 చుక్కల లైను, అంటే తెరకు సరిగ్గా పది లైన్లు. ఫాంట్లలో హింద్ గుంటూరు మీడియం, నోటో సాన్స్ తెలుగు మీడియం, అనేక్ తెలుగు ఈ పనికి బాగుంటాయి. గీత మందం అంతటా ఒకేలా ఉండేవే ఎంచుకోండి. కలంతో రాసినట్టు సన్నం లావు మారే ఫాంటు శీర్షికకు పెట్టుకోవచ్చు.

తయారైన పేజీ వరుసకు 100 బైట్లు, 480 వరుసలు, మొత్తం 48,000 బైట్లు. నలుపు తెలుపులు తారుమారై పడితే భయపడక్కర్లేదు. కొన్ని మోడళ్లలో 1 తెలుపు, కొన్నిట్లో 1 నలుపు. బిట్లన్నీ తిప్పి పంపండి.

బ్యాటరీ మీద నడపాలంటే

గోడ మీద రాస్ప్‌బెర్రీ పై పెడితే వైరు వేలాడుతుంది. కూర్పు పని ఇంట్లో ఎక్కడో ఉన్న రాస్ప్‌బెర్రీ పై చేసి, గోడ మీద ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న చిప్ ఆ 48,000 బైట్లను వైఫైలో తెచ్చుకుని ప్యానెల్‌కు పోస్తే సరి. తెచ్చిన ఫైలు సరిగ్గా 48,000 బైట్లు ఉంటేనే తెర మార్చండి. వైఫై మధ్యలో తెగితే సగం పంచాంగం, సగం తెల్ల కాగితం పడుతుంది, అది మళ్లీ మార్చేదాకా అలాగే ఉండిపోతుంది. పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ తేడా లేకపోతే తెర జోలికి వెళ్లకుండా నిద్రపోనివ్వండి.

లెక్క చూడండి. రోజుకు నాలుగుసార్లు లేచి, ఒక్కోసారి 30 సెకన్లు సగటున 100 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకు సుమారు 3.3 ఎంఏహెచ్. నిద్రలో చిప్ 10 మైక్రోఆంపియర్లు లాగితే రోజుకు పావు ఎంఏహెచ్ లోపే. 2,000 ఎంఏహెచ్ సెల్లు లెక్క ప్రకారం ఏడాదిన్నర రావాలి. సెల్లు తనంతట తాను కారేది తీసేస్తే ఏడాది అనుకోవచ్చు. కానీ మామూలు డెవలప్‌మెంట్ బోర్డు మీద ఎర్ర లైటు, యూఎస్‌బీ చిప్, రెగ్యులేటర్ కలిసి నిద్రలోనూ 5 మిల్లీఆంపియర్లు తింటే రోజుకు 120 ఎంఏహెచ్. అదే సెల్లు 16 రోజులకు ఖాళీ. కోడ్‌ను ఎంత చెక్కినా ఇది తగ్గదు. బ్యాటరీ కోసమే చేసిన బోర్డు కొనండి, కొనేముందు 'డీప్ స్లీప్‌లో బోర్డు మొత్తం ఎంత లాగుతుంది' అన్న అంకె అడగండి. చిప్ అంకె చూపిస్తే ఒప్పుకోవద్దు.

పేజీ మార్చడానికి బొత్తాం కావాలంటే ఫ్రేము గాజు వెనక 2 సెంటీమీటర్ల చదరపు రాగి టేపు అంటించి ఈఎస్‌పీ32 టచ్ పిన్నుకు కలపండి. మొదటి తరం ఈఎస్‌పీ32కు అలాంటివి పది ఉన్నాయి, గాఢ నిద్రలో ఉన్నా వేలు తగిలితే లేస్తుంది. సీ3 రకంలో అవి లేవు, చూసి కొనండి. తీగ పొట్టిగా ఉండాలి, రిబ్బన్ పక్కన పోకూడదు. యూఎస్‌బీ పెట్టి స్పర్శకు హద్దు విలువ సరిచేసుకుంటే బ్యాటరీకి మార్చగానే స్పర్శ మొద్దుబారుతుంది, ఎందుకంటే గ్రౌండ్ మారింది. బ్యాటరీ మీదే సరిచేయండి. వేలు తగలగానే చిన్న ఎల్‌ఈడీ ఒకసారి మెరిసేలా పెట్టడం తప్పనిసరి. తెర మారడానికి ఐదు సెకన్లు పడుతుంది కదా, పనిచేయలేదనుకుని మళ్లీ నొక్కుతారు, రెండు పేజీలు దాటిపోతుంది.

రంగు, ఎండ

మూడు రంగుల ప్యానెల్ చూస్తే ఆదివారాలు, పండుగలు ఎర్రగా వేయాలనిపిస్తుంది. ఎర్ర రేణువులు నెమ్మదిగా కదులుతాయి, రిఫ్రెష్ 15 సెకన్లు దాటుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు మార్చే క్యాలెండర్‌కు అది పర్వాలేదు. అసలు చిక్కు వేడి. ఇలాంటి చాలా ప్యానెళ్లకు పనిచేసే హద్దు 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. నలుపు తెలుపుకు 50. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పడమటి గోడ మీద 40 దాటడం మామూలు విషయం. ఎరుపు గులాబీగా, తెలుపు మురికిగా పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి రిఫ్రెష్ పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. నేరుగా ఎండ పడే చోట ఏ ప్యానెలూ పెట్టొద్దు. కెలిడో 3 అనే రంగుల ఈ-పేపర్ తెరల్లో నలుపు తెలుపుకు అంగుళానికి 300 చుక్కలుంటే రంగుకు 150 మాత్రమే, కాబట్టి రంగు అక్షరాలు పెద్దగా ఉంటేనే వేయండి.

కొంత భాగాన్నే మార్చే పార్షియల్ రిఫ్రెష్ గడియారానికి అందంగా ఉంటుంది, కానీ ప్రతిసారీ పాత అంకె నీడ కొంచెం మిగులుతుంది. ఐదుసార్లకు ఒక పూర్తి రిఫ్రెష్ ఇవ్వండి. పూర్తి రిఫ్రెష్‌ల మధ్య కనీసం 180 సెకన్లు ఎడం ఉంచాలని, 24 గంటల్లో ఒక్కసారైనా తెర మార్చాలని తయారీదారు చెబుతారు, రెండూ పాటించండి. ప్రతి రిఫ్రెష్ తర్వాత ప్యానెల్‌కు స్లీప్ ఆదేశం వెళ్లాలి. అది మరిస్తే లోపల ఎక్కువ వోల్టేజీ అలాగే నిలబడి ప్యానెల్ శాశ్వతంగా పాడవుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో తప్పు వచ్చి ఆగిపోయినా స్లీప్ వెళ్లేలా పైథాన్‌లో ఆ లైనును 'ఫైనల్లీ' కింద రాయండి. నెలల తరబడి పక్కన పెట్టేయాలంటే తెరను పూర్తిగా తెల్లగా చేసి, స్లీప్ పంపి, అప్పుడు వైర్లు తీసి, తెర పైవైపు ఉండేలా దాచండి.